నవ్విన తరువాత ఒక ప్రశ్న

మీ ఊళ్ళో పొద్దున్నే పెద్దవాళ్ళు చేరే చోటు ఒకటి ఉండే ఉంటుంది. అది రచ్చబండ కావచ్చు, రావిచెట్టు కింద అరుగు కావచ్చు, బస్టాండు దగ్గర టీ కొట్టు కావచ్చు. ఈసారి అటు వెళ్ళినప్పుడు కాసేపు నిలబడి వాళ్ళ మాటలు వినండి. సగం మాటలు రాజకీయాల గురించి ఉంటాయి. మిగతా సగం మోకాళ్ళు, కళ్ళు, పళ్ళు, బి.పి., షుగరు గురించి ఉంటాయి. చిత్రమేమిటంటే, ఈ రెండో సగం చెప్పుకునేటప్పుడే వాళ్ళు ఎక్కువగా నవ్వుకుంటారు.

జబ్బుల గురించి చెప్పుకుంటూ ఎందుకు నవ్వుతారు? ఆ నవ్వు మంచిదేనా? "నవ్వు నాలుగు విధాల చేటు" అని మనకు ఒక సామెత ఉంది. ఆ సామెత నిజమో కాదో నేను చాలాకాలం ఆలోచించలేదు. ఒకరోజు ఆలోచించవలసి వచ్చింది. ఆ సంగతే మీకు చెబుతాను.

ఇది జరిగింది జగదల్‌పూర్‌లో. జగదల్‌పూర్ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, బస్తర్ ప్రాంతానికి ముఖ్య పట్టణం. ఇంద్రావతి నది ఒడ్డున ఉంది. బస్తర్‌కూ తెలుగువాళ్ళకూ సంబంధం చాలా పాతది. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత కాకతీయ వంశానికి చెందిన అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశ చరిత్ర చెబుతుంది. మన కాలానికి వస్తే, 1960ల్లో బైలాడిలా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చడానికి కొత్తవలస నుంచి కిరందుల్ వరకు రైలుమార్గం వేశారు. ఉద్యోగాలకనీ వ్యాపారాలకనీ ఎందరో తెలుగువాళ్ళు ఆ దారి వెంట వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో హిందీ, సంతలో హల్బీ. మూడు భాషల మధ్య బతుకు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. దీనితో ముందు పని ఉంది.

జగదల్‌పూర్‌లో దల్‌పత్ సాగర్ అనే పెద్ద చెరువు ఉంది. రోజూ పొద్దున్నే ఆ గట్టు మీద మేము అయిదుగురం నడుస్తాము. అందరమూ అరవై దాటినవాళ్ళమే. ఒకరిని ఒకరం పేర్లతో పిలుచుకోము. ఒకరు మాస్టారు. ఆయన బడిలో ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పారు. ఒకరు సిస్టరమ్మ. ఆవిడ నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. ఒకరు పిన్నిగారు. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి కొడుకు దగ్గర ఉండడానికి వచ్చారు. ఇంకొకరు గార్డు గారు. కిరందుల్ దారిలో గూడ్సు బండ్లకు గార్డుగా చేశారు. యాభైకి పైగా సొరంగాలున్న ఆ దారిలో ఏ మలుపు ఎక్కడుందో ఆయనకు కంఠస్థం. 2022లో రైల్వేవారు గార్డు అనే పేరును ట్రైన్ మేనేజర్ అని మార్చారు. "రిటైరయ్యాక నాకు ప్రమోషన్ ఇచ్చారు" అని ఆయన అందరికీ చెప్పుకుంటారు. అయిదో మనిషిని నేను.

నడక అయ్యాక మెట్ల మీద కూర్చుంటాము. అప్పుడు మొదలవుతాయి మా కథలు.

ఒకరోజు మాస్టారు కంటి పరీక్షకు వెళ్ళివచ్చిన కథ చెప్పారు. డాక్టరు గారు గోడ మీది అక్షరాలు చదవమన్నారట. పెద్ద అక్షరాలు కూడా అలుక్కుపోయినట్టు కనిపించాయట. ఇక చూపు పోయినట్టేనని మాస్టారు బెంగపడ్డారు. అప్పుడు డాక్టరు గారు, "ఏదీ, మీ కళ్ళజోడు ఇలా ఇవ్వండి" అని తీసుకుని చూసి నవ్వారట. అది మాస్టారి కళ్ళజోడు కాదు. ఆయన భార్యది! ఇంటికి వస్తే ఆవిడ చేటలో బియ్యం ముందు వేసుకుని, "నాకు రాళ్ళు కనిపించడం లేదండీ, చూపు పోయింది" అని ఏడుస్తున్నారట. ఆవిడ పెట్టుకున్నది మాస్టారి కళ్ళజోడు. "ఒకే రోజు మా ఇంట్లో నాలుగు కళ్ళూ పోయాయి" అన్నారు మాస్టారు. మేము కడుపుబ్బ నవ్వాము.

తరువాత పిన్నిగారి వంతు వచ్చింది. ఆవిడ కాలినొప్పితో ఒక్కరే ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడి డాక్టరు కుర్రవాడు. "పావ్ మే దర్ద్ హై?" అని అడిగాడట. హిందీలో పావ్ అంటే పాదం. మన తెలుగులో పావు అంటే ఎంతో మీకు తెలుసు కదా, నాలుగో వంతు. నొప్పి పావు వంతేనా అని అడుగుతున్నాడనుకున్నారు పిన్నిగారు. ఆవిడకు కోపం వచ్చింది. "పావేటి బాబూ! మొత్తం కాలంతా నొప్పే!" అన్నారట. పక్కనున్న తెలుగు తెలిసినవాళ్ళు విషయం విప్పి చెబితే ఆ డాక్టరు కూడా పకపక నవ్వాడట.

నా కథ కూడా చెప్పాలి కదా. నన్ను పరగడుపున రక్తపరీక్షకు రమ్మన్నారు. పరగడుపు అంటే ఏమీ తినకూడదని నాకు తెలుసు. అయితే టీ తాగడం తినడం కాదు కదా అనుకున్నాను. పంచదార వేసుకుని రెండు కప్పులు తాగి వెళ్ళాను. "ఏమైనా తిన్నారా?" అని అడిగితే, "లేదు" అన్నాను. నేను అబద్ధం చెప్పలేదని మీరూ ఒప్పుకోవాలి. కాగితం మీద వచ్చిన అంకె చూసి మా ఇంట్లో వాళ్ళు ఆ రోజు నాకు అన్నం పెట్టడానికే భయపడ్డారు. ఇక్కడ ఒక మాట. పరగడుపు పరీక్షకు ముందు ఎనిమిది గంటలపాటు మంచినీళ్ళు తప్ప ఏదీ తీసుకోకూడదు. టీ కూడా తీసుకోకూడదు. నాలాగా చేయకండి.

ఇలా ఉండేవి మా కథలు. ఇప్పుడు గార్డు గారి కథకు వద్దాము.

ఒకరోజు ఆయన నాకు ఒక్కరికే ఈ కథ చెప్పారు. ఆయన సంజయ్ మార్కెట్‌లో కూరలు కొనుక్కుని సంచీ పట్టుకుని ఇంటికి నడిచి వెళ్ళారట. గుమ్మంలో ఆయన భార్య ఎదురై, "రెండో చెప్పు ఏదీ?" అని అడిగారట. చూసుకుంటే ఎడమకాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో తెలియదు. వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళారు. మార్కెట్‌లో చాప్‌డా అమ్మే ఆమె దగ్గర ఆ చెప్పు దొరికింది. చాప్‌డా అంటే బస్తర్‌లో చేసే ఎర్రచీమల పచ్చడి. ఆమె ఆకుపొట్లాల పక్కనే ఆ చెప్పును భద్రంగా పెట్టింది. "రెండోది కూడా తెచ్చి ఇవ్వు, జత చేసి అమ్ముకుంటాను" అని హల్బీలో అన్నదట.

నేను ఎంత నవ్వానో చెప్పలేను. అంతటితో ఆగలేదు. ఆ వారంలో ఇద్దరు ముగ్గురికి ఆ కథను చెప్పి వాళ్ళనూ నవ్వించాను.

వారం తరువాత గార్డు గారు గట్టు మీద అదే కథ అందరికీ చెప్పారు. మాస్టారు నవ్వారు. పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. సిస్టరమ్మ నవ్వలేదు.

"గార్డు గారూ, కాలికి చెప్పు లేదని మీకు ఇంటికి వెళ్ళేదాకా తెలియలేదా?" అని అడిగారు.

"తెలియలేదమ్మా."

"దారిలో రాళ్ళు గుచ్చుకోలేదా? రోడ్డు కాలలేదా?"

"పట్టాల పక్క కంకర మీద నడిచి నడిచి మొద్దుబారిన కాళ్ళమ్మా ఇవి. వీటికి రాయి ఒక లెక్కా?" అని ఆయన మళ్ళీ నవ్వించబోయారు.

"ఆ చెప్పు విప్పండి" అన్నారు సిస్టరమ్మ.

ఆయన విప్పలేదు. ఆవిడే కింది మెట్టు మీద కూర్చుని, ఆయన ఎడమపాదం పైకెత్తి చూశారు. చిటికెన వేలి అడుగున చింతగింజంత పుండు ఉంది. చుట్టూ నల్లబడింది. చిన్న గులకరాయి ఒకటి అందులో ఇరుక్కుని ఉంది. అది ఎన్ని రోజులుగా అక్కడ ఉందో ఎవరికీ తెలియదు.

"నొప్పి లేదు కదమ్మా" అన్నారు గార్డు గారు.

"నొప్పి లేకపోవడమే జబ్బు" అన్నారు సిస్టరమ్మ.

ఆ మాట మీరు ఇంకోసారి చదవండి. మనం నొప్పిని శత్రువు అనుకుంటాము. నిజానికి నొప్పి ఇంటికి కాపలా కుక్క వంటిది. ముల్లు గుచ్చుకుందనీ, నీళ్ళు వేడిగా ఉన్నాయనీ, చెప్పు కరుస్తోందనీ అరిచి చెబుతుంది. షుగరు జబ్బు చాలాకాలం అదుపులో లేకపోతే పాదాల్లోని నరాలు దెబ్బతింటాయి. స్పర్శ తగ్గుతుంది. రక్తం అందడం కూడా తగ్గవచ్చు. అప్పుడు చిన్న గాయం తగిలినా తెలియదు. తెలియదు కనుక మనిషి దాని మీదే నడుస్తాడు. గాయం పుండు అవుతుంది. పుండు ఎముకదాకా పోతుంది. కాలి చెప్పు జారిపోయినా తెలియకపోవడం నరాలు బాగా దెబ్బతిన్నాయనడానికి ఒక గుర్తు. మేము నవ్వుకున్న కథే ఆ గుర్తు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగరు జబ్బు ఉంది. కాబట్టి ఇది ఒక్క గార్డు గారి కథ కాదు.

ఆ రోజే ఆయనను ఆసుపత్రికి తీసుకుపోయాము. అక్కడ డాక్టరు గారు ఒక సన్నని నైలాన్ పోగు తీశారు. అది పది గ్రాముల ఒత్తిడి పడగానే వంగుతుంది. దానితో పాదం మీద అక్కడక్కడా తాకి, స్పర్శ ఎంత ఉందో చూస్తారు.

"కళ్ళు మూసుకోండి. కాలికి తగిలినప్పుడల్లా 'హా' అనండి" అన్నారు డాక్టరు గారు.

గార్డు గారు కళ్ళు మూసుకున్నారు. "హా... హా... హా..." అంటూ పోయారు. బడిలో హాజరు పలికినట్టుగా, తడబాటు లేకుండా పలికారు. అయ్యాక కళ్ళు తెరిచి, "ఎన్ని మార్కులు?" అని అడిగారు.

డాక్టరు గారు మెల్లగా చెప్పారు. "మీరు 'హా' అన్నప్పుడు నేను ముట్టుకోలేదు. నేను ముట్టుకున్నప్పుడు మీరు 'హా' అనలేదు."

అంతవరకు గార్డు గారి ముఖంలో నవ్వు లేని క్షణం నేను చూడలేదు. అప్పుడు చూశాను.

ఎముకకు చీము పట్టిందని పరీక్షల్లో తేలింది. చిటికెన వేలు తీసివేయక తప్పలేదు. ఇంకా ఆలస్యం చేసి ఉంటే పాదమే పోయి ఉండేదని డాక్టరు గారు చెప్పారు. ఆ మాట విన్నప్పుడు నాకు గుర్తుకు వచ్చింది ఆ వారం రోజులే. అవి నేను ఆయన కథ చెప్పి నలుగురినీ నవ్వించిన రోజులు. ఆ కథ మొదట విన్నది నేను. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే వారం ముందే ఆయన ఆసుపత్రిలో ఉండేవారు.

ఆపరేషన్‌కు ముందు రాత్రి ఆయన మంచం పక్కన కూర్చున్నాను. "రెండేళ్ళుగా కాళ్ళు తిమ్మిరిగా ఉంటున్నాయి. చెబితే ఆసుపత్రికి పొమ్మంటారు. మా అన్నయ్య అలా వెళ్ళి మోకాలిదాకా పోగొట్టుకుని వచ్చాడు. నాకూ అదే అవుతుందని భయపడ్డాను. చెప్పకుండా ఉండలేకపోయాను. భయమని చెప్పలేకపోయాను. అందుకే నవ్వించాను" అన్నారు.

చూశారా! మనిషి భయాన్ని నేరుగా చెప్పుకోలేనప్పుడు దానిని నవ్వులో చుట్టి మన చేతికి ఇస్తాడు. మనం పొట్లం పైనున్న కాగితం చూసి మురిసిపోతాము. లోపల ఏముందో విప్పి చూడము.

ఆయన ఆసుపత్రిలో ఉండగా మేము నలుగురం మా పాత కథలను విప్పి చూసుకున్నాము. "మాస్టారూ, మళ్ళీ కంటి పరీక్షకు వెళ్ళారా?" అని సిస్టరమ్మ అడిగారు. ఆయన వెళ్ళలేదు. నవ్వుతో ఆ సంగతి ముగిసిపోయింది. ఆ తరువాత భార్యాభర్తలు ఇద్దరూ ఎవరి కళ్ళజోడు వారు పెట్టుకుని వెళ్ళారు. ఆవిడ కుడికంటిలో శుక్లం ఉందని తేలింది. నేనూ అసలైన పరగడుపున మళ్ళీ పరీక్ష చేయించుకున్నాను. అంకె మొదటిసారి అంత కాకపోయినా, ఉండవలసిన దానికంటే ఎక్కువే ఉంది. టీలో పంచదార మానేశాను.

పిన్నిగారి సంగతి వింటే మీరు ఆశ్చర్యపోతారు. "ఆ మాత్రలు ఎలా వేసుకుంటున్నారు?" అని అడిగాము. "బాధ వచ్చినప్పుడు వేసుకోమన్నాడు కదా, అలాగే వేసుకుంటున్నాను" అన్నారు. మందులిచ్చే అతను "ఖానే కే బాద్" అన్నాడు. అంటే తిన్న తరువాత అని అర్థం. హిందీలో 'బాద్' అంటే తరువాత. పిన్నిగారి చెవికి అది మన 'బాధ'గా వినిపించింది. రోజుకు రెండుపూటలా తిన్నాక వేసుకోవలసిన మాత్రలను ఆవిడ నొప్పి పుట్టినప్పుడు, ఖాళీ కడుపుతో మింగుతున్నారు. నొప్పి తగ్గించే మందులు చాలావరకు ఖాళీ కడుపుతో వేసుకుంటే కడుపులో మంట పుట్టిస్తాయి. ఆవిడకు కొన్నాళ్ళుగా ఆ మంట కూడా ఉంది. 'పావు' దగ్గర మేము నవ్వి ఊరుకున్నాము. 'బాధ' దగ్గరికి రాలేదు. ఇప్పుడు ఆవిడ ఆసుపత్రికి వెళితే మాలో ఒకరం తోడు వెళతాము. మందుల పొట్లం మీద తెలుగులో 'తిన్న తరువాత' అని రాసి ఇస్తాము. చదవడం రాకపోతే అన్నం గిన్నె బొమ్మ వేస్తే సరి.

అలాగని నవ్వు చెడ్డదని నేను అనడం లేదు. అమెరికాలో నార్మన్ కజిన్స్ అనే పత్రికా సంపాదకుడు ఉండేవాడు. ఆయనకు కీళ్ళను పట్టివేసే జబ్బు వచ్చింది. హాస్య చిత్రాలు చూసి పది నిమిషాలు మనసారా నవ్వితే రెండు గంటలు నొప్పి లేకుండా నిద్ర పట్టేదని ఆయన 1979లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. అయితే ఆయన డాక్టరును వదిలిపెట్టి నవ్వలేదు. డాక్టరుతో సంప్రదిస్తూ నవ్వాడు. నవ్వు నొప్పిని కాసేపు మరపిస్తుంది. గులకరాయిని మాత్రం బయటికి తీయదు. దానికి పాదం ఎత్తి చూసే మనిషి కావాలి.

గార్డు గారు కొన్ని నెలల తరువాత గట్టు మీదికి వచ్చారు. చేతికర్ర, కాలికి మెత్తని బూటు. కూర్చోగానే, "అయిదు పెట్టెల బండిలో చివరిది, గార్డు పెట్టె ఒక్కటే విప్పేశారు. బండి మాత్రం నడుస్తోంది" అన్నారు. మేమంతా నవ్వాము. పిన్నిగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. నవ్వు ఆగాక సిస్టరమ్మ అడిగారు, "పొద్దున పాదం చూసుకున్నారా?"

"చూసుకున్నానమ్మా. అద్దం కింద పెట్టి అడుగుభాగం కూడా చూసుకున్నాను. వేళ్ళ సందులు తడి లేకుండా తుడుచుకున్నాను. బూటు దులిపి వేసుకున్నాను. ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవడం లేదు. స్నానానికి నీళ్ళ వేడి కాలితో కాదు, మోచేత్తో చూస్తున్నాను. సరేనా?" అని ఆయన పాఠం అప్పజెప్పారు.

షుగరు ఉన్నవాళ్ళు మీ ఇంట్లో ఉంటే ఈ పాఠం వాళ్ళకు చదివి వినిపించండి. ఏడాదికి ఒక్కసారైనా డాక్టరుకు పాదాలు చూపించమనండి.

ఆనాటి నుంచి మా గట్టు మీద ఒక నియమం ఉంది. ఎవరు ఏ కథ చెప్పినా మొదట నవ్వుతాము. నవ్వకపోతే చెప్పినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. నవ్విన తరువాత ఎవరో ఒకరు అడుగుతారు: "తరువాత ఏమైంది? డాక్టరు ఏమన్నారు?" ఆ జవాబు వినేదాకా రెండో కథ మొదలుకాదు.

ఇప్పుడు మీ వంతు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు పదేపదే చెప్పి నవ్వించే కథ ఒకటి ఉంటుంది. బావి దగ్గర జారిపడ్డ కథో, పప్పులో ఉప్పు రెండుసార్లు వేసిన కథో, తెలిసిన దారిలోనే దారి తప్పిన కథో. ఈ రాత్రి ఆ కథ మళ్ళీ చెప్పించుకోండి. మనసారా నవ్వండి. తరువాత దగ్గరగా జరిగి ఆ ఒక్క ప్రశ్న అడగండి.